గోడకు జామీను

మొన్న సిద్దిపేట నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా పాత ఇంటి పక్కింటి రాజవ్వ మనవడు. వాళ్ల తాత మగ్గం నేసిన ఇల్లు తీసేసి స్లాబు ఇల్లు వేసుకుంటున్నాడట.

"అవ్వా, నడిమి గోడకు సున్నంల రెండు చెయ్యి గుర్తులున్నయి. ఒకదానికి చిటికెన వేలు సగమే ఉన్నది. మా నాయినమ్మ బతికినన్ని రోజులు వాటిని ఎవ్వల్నీ ముట్టనియ్యలే. రేపు కూలోళ్లు వస్తున్నరు. నిన్నొకసారి అడిగితే మంచిగుంటదని చేసిన" అన్నాడు.

"ఒక్క వాన సూడనియ్యి, బిడ్డా" అన్నాను.

అవతల పిల్లవాడు నవ్వాడు. "కూలగొట్టేతందుకు వానెందుకవ్వా" అన్నాడు. నిజమే మరి. కట్టిన గోడ గురించి అనాల్సిన మాట కూల్చే గోడకు తగిలించాను. ఫోన్ పెట్టేశాక తెలిసింది, ఆ మాట నాది కాదని. అది మా మేస్త్రిది. ఆయన పోయి యాభై యేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఆ మాట నా నోట్లో ఎక్కడ దాక్కుందో, గోడ పేరెత్తగానే బయటికి వచ్చింది.

ఆయనకూ ఒక పేరు ఉండే ఉంటుంది. నేను వినలేదు. సిద్దిపేటలో అప్పుడు గోడలు పెట్టేవాళ్లు మరో నలుగురైదుగురు ఉండేవారు. వాళ్లందరికీ పేర్లుండేవి. ఈయన మాత్రం ఊరందరికీ మేస్త్రి. నాకు మేస్త్రి కాక, అంటే బాబాయి. పొట్టి మనిషి. గోడ నిలువు చూసే గుండుదారాన్ని మెడలో వేసుకుని తిరిగేవాడు, పని ఉన్నా లేకపోయినా. సున్నానికి పగిలిన చేతులకు పొద్దున్నే ఆముదం రాసుకుని వచ్చేవాడు. ఆయన వాకిట్లోకి వచ్చాడని తలెత్తి చూడక్కరలేదు, ఆ వాసనే చెప్పేది. ఎడమచేతి చిటికెన వేలుకు ఒక కణుపు లేదు. ఎప్పుడో రాయి కింద పడి నలిగిందట.

నేను ఆయనను మొదట చూసింది కాపురానికి వచ్చిన కొత్తలో. యుద్ధం రోజులు. మా మరిదికి పెళ్లి కుదిరింది. ఇంట్లో ఉన్నవి రెండే అర్రలు, అంటే రెండే గదులు. పక్కనున్న ఖాళీ జాగాలో ఇంకొక అర్ర వెయ్యాలని మా మామ మేస్త్రిని పిలిపించాడు. ఆయన వచ్చి వాకిట్లో నిలబడి, "బిడ్డా, చెంబెడు నీళ్లియ్యి" అన్నాడు. ఎండన పడి వచ్చాడు కదా అని బెల్లం ముక్క కూడా తెచ్చి ఇచ్చాను. బెల్లం నోట్లో వేసుకున్నాడు. నీళ్లు మొత్తం నేలమీద కుమ్మరించి, గొంతుక్కూర్చుని చూడసాగాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది కాక, మా నీళ్లు మంచిగ లెవ్వా" అన్నాను.

"మంచిగనే ఉన్నయి. ఎటు పోతయో సూస్తున్న" అన్నాడు.

నీళ్లు మెల్లగా పక్కింటి గోడ వైపు జారాయి. ఆయన కూడా వాటి వెంటే, గొంతుక్కూర్చునే, జరుగుతూ పోయాడు. గోడ దాకా పోయి, అక్కడి మట్టిని వేలితో ముట్టి చూసి, అప్పుడు లేచాడు. అర్ర ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని మా మామను అడిగింది ఆ తరువాతే. ఎక్కడ పని మొదలుపెట్టినా ఆయన పద్ధతి అదేనని నాకు తరువాత తెలిసింది. కొత్తగా చూసేవాళ్లకు ఇదేదో శాంతి చేస్తున్నట్టు ఉండేది.

పని ముగిసిన ఇంటిని చూసి "అయిపోయిందా మేస్త్రీ" అని ఎవరైనా అంటే, ఆయన ఏనాడూ అయిపోయిందని అనలేదు. "ఒక్క వాన సూడనియ్యి" అనేవాడు. ఆ మాటను ఊరంతా వాడుకునేది. కొత్త అల్లుడు ఎట్లాంటివాడు అంటే, ఒక్క వాన చూడనియ్యి. కొత్త తాసీల్దారు వచ్చాడు అంటే, ఒక్క వాన చూడనియ్యి. ఆయన ఎదుటే అనేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు. తన మాటను సరైన చోటే వాడుకుంటున్నారన్నట్టు తల ఊపేవాడు.

కానీ ఆయన చెయ్యి పెట్టే విషయంలో మాత్రం ఎవరూ పరాచికాలాడేవారు కారు. పని ముగిసిన రోజున పచ్చి సున్నం మీద తన ఎడమచెయ్యి గట్టిగా అద్దేవాడు. నాలుగు వేళ్లు పూర్తిగా, ఐదోది సగం. అదే ఆయన జామీను. చదువు రాని మనిషి కనుక కచేరీలో అయితే వేలిముద్ర వేసేవాడు, గోడకు మాత్రం మొత్తం చెయ్యి ఇచ్చేవాడు. ఆ చెయ్యి పడ్డాక ఆ గోడలోకి నీళ్లు దిగినా, పెచ్చు ఊడినా, పదేళ్లకైనా సరే, పిలిస్తే వచ్చి బాగుచేసి పోయేవాడు. చెయ్యి పడేదాకా మాత్రం దాని మంచిచెడ్డలు ఇంటివాళ్లవే. ఇది ఏ కాగితం మీదా లేదు. బజారులో అందరికీ తెలుసు.

ఒకసారి ఊళ్లో ఒక పెద్దింటాయన ధాన్యం కొట్టు కట్టించుకున్నాడు. మేస్త్రి వద్దంటున్నా వినకుండా నీళ్లు పోయే మోరీని వీధివైపు కాకుండా పక్క ఇంటి వైపు తిప్పించాడు. పని అయ్యాక నలుగురి ముందు "చెయ్యి వెట్టు మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. "గోడ మంచిగనే పెట్టిన. చెయ్యి మాత్రం వెట్ట" అని గుండుదారం మెడలో వేసుకుని వచ్చేశాడు. ఆ తరువాత రెండేళ్లు ఆయనకు ఆ వీధిలో పని దొరకలేదని చెప్పుకునేవారు.

పిలవకపోయినా ఆయన వచ్చే రోజు ఒకటి ఉండేది. ఏటా తొలివాన పడగానే జనమంతా ఇళ్లలోకి ఉరికితే, ఆయన బయటికి వచ్చేవాడు. నెత్తిమీద గొంగడి కప్పుకుని, తన చేతులున్న ఇళ్లన్నీ తిరిగేవాడు. లోపలికి వచ్చి, చేతి వెనకవైపు గోడకు ఆనించేవాడు. అరచెయ్యి ఎందుకు పెట్టవు అని నేనొకసారి అడిగాను. "గది సున్నానికి మొద్దువారింది బిడ్డా, తడి తెల్వది" అన్నాడు. గోడ పొడిగా ఉంటే మరో మాట లేకుండా మరో ఇంటికి పోయేవాడు.

అర్ర పని మొదలైనప్పుడు నాకు ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఇంట్లో గోడ ముట్టుకోకూడదని మా అత్త గొణిగింది. "కొత్త ఇల్లు కడుతున్నమా ఏంది, అర్రనే గద" అని మా మామ తేల్చేశాడు. పెళ్లి జ్యేష్ఠంలో ఉంది. ఆ లోపల కప్పు పడాలని ఆయన తొందర.

అప్పట్లో మట్టిగోడకు మట్టిని ఎక్కడినుంచో తెచ్చేవారు కాదు. ఎవరి వాకిట్లో వాళ్లు గుంత తవ్వి, ఆ మట్టినే నానబెట్టి, గడ్డి కలిపి నాలుగు రోజులు తొక్కి, ముద్దలు చేసి గోడ పెట్టేవారు. పనయ్యాక గుంత పూడ్చేవారు. మేస్త్రి గుంత కోసం వాకిలి నట్టనడుమ గీత గీశాడు. అది నేను బావి నుంచి నీళ్లు మోసుకొచ్చే దారి.

"కాక, గుంత గీడ వద్దు. బిందె వట్టుకొని వచ్చేటప్పుడు జారిపడితే ఎట్ల? గా గోడ పక్కకు జరుపరాదు" అన్నాను.

ఆ గోడ పక్కింటి మల్లయ్యది. మల్లయ్య, రాజవ్వ నేతపనివాళ్లు. గోడకు అవతలే వాళ్ల మగ్గం. నేలలో తీసిన గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం అది. పొద్దున్నుంచి దీపాలవేళ దాకా దాని చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తూనే ఉండేది. ఆగిందంటే రాజవ్వ అన్నం పెట్టిందని అర్థం. పుట్టిల్లు విడిచి వచ్చిన కొత్తలో నాకు ఆ ఇంట్లో తోడుగా అనిపించింది మొదట ఆ చప్పుడే.

మేస్త్రి నా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. మళ్లీ చెంబెడు నీళ్లు అడగలేదు. మొదటి చెంబు నీళ్లు ఎటు పోయాయో ఆయనకు గుర్తే. "సరే బిడ్డా. వాన రాకముంగట పూడుస్త తియ్యి" అన్నాడు. గుంత గోడ పక్కకు జరిగింది.

గోడలు లేచాయి. వైశాఖం చివరికి వచ్చింది. కొత్త అర్ర కప్పును పాత ఇంటి కప్పుతో కలపడం ఒక్కటే మిగిలింది. దానికోసం మల్లయ్య గోడ వైపు మా చూరు పెంకులు విప్పాలి. ముందు గుంత పూడ్చి, ఆ తరువాత చూరు విప్పుతానని మేస్త్రి అన్నాడు. మా మామ ఒప్పుకోలేదు. వడ్రంగి దొరికిందే ఆ రెండు రోజులు, తరువాత అతను బెజ్జంకి ఊరికి పోతాడట.

"గుంత ఎటు పోతది మేస్త్రీ? ముందుగాల కప్పు సంగతి సూడు" అన్నాడు.

మేస్త్రి గుంత వైపు చూసి, "సరే పటేలా" అని తల ఊపాడు. నాకు తెలిసి ఆయన ఊపకూడని చోట తల ఊపింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రమే చూరు విప్పేశారు.

మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. ఉన్నట్టుండి మబ్బు పట్టి రాళ్లవాన మొదలైంది. పడింది అరగంటకు మించి ఉండదు. చూరు లేదు కనుక కప్పు మీది నీళ్లన్నీ ఒక్కచోటికి వచ్చి గుంతలో పడ్డాయి. మేస్త్రి పార పట్టుకుని ఆ వానలోకి ఉరికాడు. గుంతకు గండి కొట్టి నీళ్లను వీధివైపు మళ్లించాలని తవ్వుతూనే ఉన్నాడు. రాళ్లు నెత్తిమీద, వీపుమీద పడుతున్నాయి. నేను దర్వాజలో నిలబడి చూస్తున్నాను. నీళ్లు తోవ పట్టేలోపే గోడ అడుగు మెత్తబడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. నానిన మట్టిగోడ విరగదు, కూర్చుంటుంది. అలసిపోయిన మనిషి కూర్చున్నట్టే అది అవతలి వైపుకు కూర్చుంది.

మల్లయ్య ఆ సమయానికి మగ్గం మీద లేడు. బయట ఆరేసిన నూలు వానకు తడుస్తుందని లేచి పోయాడు. అందుకే ప్రాణం దక్కింది. మగ్గం దక్కలేదు. దానిమీద పడుగు ఉంది, అంటే నిలువుగా సాగదీసి కట్టిన నూలంతా. అది బురద కింద పడిపోయింది. ఇప్పుడైతే నూలు పోతే కొనుక్కొస్తారు. అప్పుడు దొరకడమే గగనం. ఉన్నవాళ్లు కూడా నెలల తరబడి ఎదురుచూసేవారు.

నేను వెళ్లేసరికి రాజవ్వ బురదలోంచి దారాలు ఒక్కొక్కటే లాగుతోంది. ఏడవడం లేదు. "షోలాపురం పోతం చెల్లె. గాడ మిల్లుల మా అన్న ఉన్నడు. ఇగ గీడ మాకేమున్నది" అంది. నేనూ ఆమె పక్కన కూర్చుని దారాలు లాగాను. అవి చేతికి వచ్చినట్టే వచ్చి తెగిపోతున్నాయి. గుంత అక్కడికి జరపమన్నది నేనేనని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మూడోనాడు పొద్దున పెద్దమనుషులు మా అరుగుమీద కూర్చున్నారు. వాళ్లు తేల్చాల్సింది ఒకటే, మల్లయ్య గోడనూ మగ్గాన్నీ ఎవరు నిలబెట్టాలి అని. తేలకపోతే ఆ వారంలోనే మల్లయ్య వాళ్లు ఇల్లు విడిచి పోతారు. రాజవ్వ అప్పటికే గిన్నెలు మూట కట్టింది. నేను దర్వాజ వెనుక నిలబడి వింటున్నాను.

"వానకు నేనేం జేస్త? నేను రమ్మన్ననా? పని చేసింది మేస్త్రి. ఆయన్నే అడుగురి" అన్నాడు మా మామ.

పెద్దమనుషుల్లో అందరికన్నా వయసైనాయన మేస్త్రి వైపు తిరిగాడు. "గా అర్రకు నీ చెయ్యి పడ్డదా?"

"పడలే" అన్నాడు మేస్త్రి.

"మరి చెయ్యి పడనిదానికి నువ్వెట్ల జామీనైతవు? గప్పటిదాంక ఇంటాయనే సూసుకోవాలె. మన బజార్ల గదే పద్ధతి గద."

మా మామ ముఖం మాడిపోయింది. మేస్త్రి ఆ మాట పట్టుకుని లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పనరు. ఆయన మాత్రం కదలకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వెనుక నుంచి ఎవరో అన్నారు.

"వీళ్లదీ వాళ్లదీ కాదు. కోడలు కడుపుతోని ఉండంగ ఇంట్ల గోడ ముట్టుకుంటరా? గందుకే గిట్లయింది."

లోపల మా అత్త తల ఊపింది. మా మామ ఆ మాటను అందుకున్నాడు. "మా ఇంటిది గుడ గదే అన్నది. నేనే ఇనలే" అన్నాడు, ఏదో భారం దిగినట్టు. పెద్దమనుషుల ముఖాలు కూడా మెత్తబడ్డాయి. పుట్టని బిడ్డ మీదికి తోసేస్తే ఎవరికీ ఎవరితోనూ పేచీ ఉండదు, అది ఎదురు మాట్లాడదు కదా. రేపు ఆ బిడ్డ పుట్టాక ఈ బజారు దాన్ని ఏమని పిలుస్తుందో నాకు అప్పుడే వినిపించింది. అటు మల్లయ్య షోలాపురం పోవడం మాత్రం పోవడమే.

నేను దర్వాజ దాటాను. ఇంటి కోడలు పెద్దమనుషుల ముందుకు రావడం ఆ రోజుల్లో మాటలు కాదు. కొంగు నెత్తిమీద ఉందో లేదో కూడా నాకు గుర్తులేదు.

"గుంత గోడ పక్కకు జరుపుమన్నది నేను. తప్పు నా నోటిది, నా కడుపుది కాదు" అన్నాను.

"నువ్వు లోపటికి పో" అన్నాడు మా మామ, మెల్లగానే. మేస్త్రి అప్పుడు లేచి నిలబడ్డాడు. ఆయన నన్ను మెచ్చుకుంటాడని ఎక్కడో ఆశపడ్డాను, సిగ్గు లేకుండా. ఆయన నా వైపు కోపంగా చూశాడు. తరువాత వాళ్ల వైపు తిరిగాడు.

"జరుపుమన్నది బిడ్డ, నిజమే. నీళ్లు ఎటు పోతయో బిడ్డకు ఎరుకనా? పటేలు తొందర వెట్టిండు, గదీ నిజమే. పటేలుకు గుడ ఎరుక లేదు. నాకెరుక. చెంబెడు నీళ్లు పోసి నా కండ్లతోని సూసిన. సూసి గుడ తవ్విన. పూడ్వకుంట చూరు విప్పిన. ఎరుకున్నోన్ని ఇడిసిపెట్టి, కడుపుల పిల్ల మీద ఏస్తరా?"

అంత పొడుగు మాట ఆయన నోట నేను ముందు వినలేదు, తరువాతా వినలేదు. అరుగు దిగి, అర్ర పనికి నానబెట్టిన సున్నం తొట్టి దగ్గరికి పోయి, ఎడమచెయ్యి ముంచాడు. మల్లయ్య గోడ మోకాలెత్తు మొండిగా మిగిలి ఉంది. దానిమీద చెయ్యి అద్దాడు. కట్టిన గోడలకు ఆయన చెయ్యి పెట్టడం ఊరంతా చూసింది. పడిపోయిన గోడకు పెట్టడం అంతకుముందు ఎవరూ చూడలేదు. సున్నం ఆ తడి మట్టిమీద నిలవక కిందికి కారుతోంది. వయసైనాయన తువ్వాల దులుపుకుని లేచాడు. "ఇగ మేం చెప్పేది ఏం లేదు" అన్నాడు.

మా అర్ర పని అక్కడే ఆగిపోయింది. మరిది పెళ్లి ఆ రెండు అర్రల ఇంట్లోనే జరిగింది. కొత్త కోడలు చీర అడ్డం కట్టిన మూలలో కాపురం మొదలుపెట్టింది, పాపం. మేస్త్రి కూలీలను పిలవకుండా ఒక్కడే మల్లయ్య గోడ మొదలుపెట్టాడు. అన్నిటికన్నా ముందు ఆ గుంత పూడ్చాడు. కొత్త మట్టి ఊరి బయటినుంచి గంపతో మోసుకొచ్చాడు. మా ఇంట్లోంచి అడిగింది పునాదికి తెచ్చి మిగిలిన రాళ్లు మాత్రమే. మా మామ మాట్లాడకుండా ఇచ్చాడు. రెండోరోజు తన పెద్దరికం పక్కన పెట్టి తనే రాళ్లు మోశాడు కూడా. ఆయన మీద నాకున్న కోపం సగం ఆ రోజే పోయింది. మిగతా సగం ఎప్పుడు పోయిందో గుర్తులేదు.

గోడ సగం లేచాక మేస్త్రి రెండు రోజులు కనిపించలేదు. చేతగాక పారిపోయాడని ఒకరిద్దరు అన్నారు. మూడోరోజు పొద్దెక్కాక దుబ్బాక తోవన నెత్తిమీద మూటతో వచ్చాడు. దుబ్బాకలో నేతవాళ్ల ఇళ్లకు ఆయన చెయ్యి ఉన్న గోడలు చాలా ఉన్నాయి. ఇంటింటికీ పోయి తలా ఒక చిలప, అంటే ఒక చుట్ట నూలు అడిగాడట. వాళ్లకూ నూలు కరువే. అయినా ఇచ్చారు.

"ఏమని అడిగినవు కాక?" అన్నాను.

"ఏమని అడుగుత? గోడ నేను పడగొట్టిన, నూలు మీరియ్యిరి అన్న."

రాజవ్వ మూట విప్పింది. ఒక చిలప సన్నం, ఒకటి ముతక, ఒకటి రంగు వేసింది, ఒకటి వెయ్యనిది. వాన పడ్డ రోజు ఏడవని మనిషి ఆ మూట ముందు కూర్చుని ఏడ్చింది. ఆ నూలుతో మల్లయ్య నేసిన తువ్వాలలు చారలు చారలుగా, ఒక్కోచోట ఒక్కో మందంగా వచ్చాయి. అంగడిలో చూసి నవ్వినవాళ్లున్నారు. షోలాపురం మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మృగశిర ఇంకా రెండు రోజులుందనగా గోడ ముగిసింది. మల్లయ్య ఇంటివైపు, మగ్గానికి ఎదురుగా, సున్నం పూశాడు. రాజవ్వ వచ్చి "చెల్లె, మేస్త్రి నిన్ను రమ్మంటుండు" అంది. నెలలు నిండుతున్న కడుపుతో మెల్లగా వెళ్లాను. ఆయన చెయ్యి అప్పటికే గోడమీద ఉంది.

"నువ్వు గుడ వెట్టు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నా తప్పు లేదంటివి గద కాక, గంతమంది ముంగట."

"గప్పుడు నీకెరుక లేదు. ఇప్పుడు ఎరుకాయె గద, నీళ్లు ఎటు పోతయో. ఎరుకైనంక జామీనుండాలె." గోడ వైపే చూస్తూ అన్నాడు. "నేను ఎన్నొద్దులుంట బిడ్డా."

ఆయన చెయ్యి పక్కన నా ఎడమచెయ్యి పెట్టి అద్దాను. సున్నం మొదట చల్లగా తగిలింది, తరువాత మంట పెట్టింది. ఆయన మొలలోంచి ఆముదం సీసా తీసి నా అరచేతిలో రెండు చుక్కలు పోశాడు. నా చెయ్యి చిన్నది. అయినా చిటికెన వేలు మాత్రం ఆయనదానికన్నా పొడుగు వచ్చింది. రాజవ్వ అది చూసి నవ్వింది. వాన పడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు.

శ్రావణంలో నాకు ఆడపిల్ల పుట్టింది. బజారులో ఎవరూ దాన్ని ఏమీ అనలేదు. చూడ్డానికి వచ్చిన మేస్త్రిని, పిల్లది ఎవరి పోలిక కాకా అని అడిగాను. "ఒక్క వాన సూడనియ్యి" అన్నాడు. మా అర్ర మరుసటి యేడు ఆయనే పూర్తిచేశాడు. దానికి చెయ్యి పెట్టమని అడగడానికి మా మామకు నోరు రాలేదు. ఆయనా పెట్టలేదు. నున్నగా ఉన్న ఆ గోడను చూసినప్పుడల్లా నాకు వెలితిగా ఉండేది.

ఆ తరువాత ఏటా తొలివానకు ఆయన మొదట వచ్చేది రాజవ్వ ఇంటికే. రాజవ్వ గోడ పక్కన పీట వేసేది. ఆయన గొంగడి దర్వాజ దగ్గర విడిచి, పీటమీద కూర్చుని, నన్ను కేకేసేవాడు. తను ముట్టక ముందు నన్ను ముట్టి చూడమనేవాడు. నేను చేతి వెనకవైపు గోడకు ఆనించేదాన్ని.

"ఏమంటది?" అనేవాడు.

"పొడిగనే ఉన్నది కాక."

అప్పుడు తను కూడా ముట్టి, నా మాట నిజమేనని తేల్చుకుని, లేచేవాడు. ఒక యేడు నేను "జెర సల్లగున్నది" అన్నాను. అనుమానంగానే అన్నాను. ఆయన ఆ వానలోనే కప్పు ఎక్కి, జరిగిన పెంకు ఒకటి సరిచేసి దిగాడు. ఆ రోజు నన్ను చూసి తల ఊపాడు. అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను చూడలేదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి యేడు, ఎండాకాలంలో, గజ్వేల్ దగ్గర ఏదో ఊళ్లో పనికి పోయి, జ్వరం వచ్చి అక్కడే పోయాడు. మాకు తెలిసేసరికి మూడురోజులైంది. అంతా అక్కడే అయిపోయిందన్నారు. ఎవరి గోడ పెడుతూ పోయాడో, దానికి చెయ్యి పడిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కబురు విన్న రోజు నాకు ఏడుపు రాలేదు. పొయ్యి అలికాను, బియ్యం ఏరాను, పిల్లకు తల దువ్వాను.

ఆ యేడు తొలివాన ఒక మధ్యాహ్నం వచ్చింది. మట్టివాసన తగలగానే నా కాళ్లు వాటంతట అవే రాజవ్వ ఇంటికి నడిచాయి. మగ్గం ఆగి ఉంది. మల్లయ్య మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, దర్వాజ వైపు చూస్తూ కూర్చున్నాడు. గోడ పక్కన పీట వేసి ఉంది.

"ఎప్పటిలెక్క ఏసిన చెల్లె. ఏసినంక యాదికొచ్చింది" అంది రాజవ్వ. తీసేద్దామని వంగింది. తియ్యలేకపోయింది. "నువ్వన్నా కూసో" అంది.

నేను పీటమీద కూర్చున్నాను. బయట చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి. వీధిలో ఎవరూ రావడం లేదు. కాసేపు చూసి, చేతి వెనకవైపు గోడకు ఆనించాను.

"పొడిగనే ఉన్నది కాక" అన్నాను, పైకే.

మల్లయ్య తల వంచుకుని మగ్గం ఆడించడం మొదలుపెట్టాడు.